జవళగిరి చుట్టూ జరిగిన సరిహద్దులు

జవళగిరి, తళి, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములలో అనేకము తరతరములుగా ఉన్నచోటనే ఉన్నవి. మారినవి వారి చుట్టూ ఉన్న ఎల్లలు. సేలం జిల్లాలోని ఈ సీమ 1965లో ధర్మపురి జిల్లాలో చేరినది. 2004లో కృష్ణగిరి జిల్లా అయినది. జిల్లాల మార్పు రాష్ట్ర ప్రభుత్వమే చేయగలదు. రాష్ట్రపు ఎల్లను జరుపు అధికారము మాత్రము పార్లమెంటుదే. (బన్నేరుఘట్ట నుండి జవళగిరి అడవికి వచ్చిపోవు ఏనుగులకు ఈ రెండింటితోను పని లేదు.)

రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము కొత్త రాష్ట్రమును ఏర్పరచుట, విస్తీర్ణమును పెంచుట, తగ్గించుట, ఎల్లలను, పేరును మార్చుట పార్లమెంటు చేయదగిన పనులు. రాష్ట్రపతి సిఫారసు లేనిదే బిల్లు ప్రవేశపెట్టరాదు. ఎల్లలు మారునపుడు సంబంధిత శాసనసభ అభిప్రాయమును అడుగవలెను. అయితే దానికి కట్టుబడనక్కరలేదు. బాబూలాల్ పరాటే కేసులో 1959లో సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టపరచినది. 4వ అధికరణము వలన ఇట్టి చట్టమునకు సాధారణ మెజారిటీ చాలును. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినను, ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించినది. అమెరికాలో ఒక రాష్ట్రమును చీల్చి మరొకటి ఏర్పరచుటకు ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. ఎల్లపై నివసించు ప్రజలను నేరుగా అడుగవలెనను నియమము 3వ అధికరణములో ఎచ్చటను లేదు.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణము తరువాత, వివాదము లేని తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న అవతరించినది. సేలం జిల్లా ఆ లెక్కలోనికి రాలేదు. నాటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ హోసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించినవారే కావడము విశేషము. పటాస్కర్ మధ్యవర్తిత్వము ఫలితముగా 1959లో పార్లమెంటు మరొక చట్టము చేసినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌కు మారినవి. హోసూరు తాలూకా కదలలేదు.

ఇట్లు మిగిలిపోయినవారి సంగతి పార్లమెంటు మరువలేదు. రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడిన 1956లోనే, ఏడవ సవరణ ద్వారా 350-ఏ అధికరణమును చేర్చినది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెను. 'ప్రయత్నింపవలెను' అన్న మాటలోనే చిక్కు ఉన్నది. రాష్ట్రపతి రాష్ట్రములకు ఆదేశములు ఈయవచ్చును. ఈయవలెనని నిర్బంధము లేదు. 350-బీ క్రింద నియమింపబడు ప్రత్యేకాధికారి నివేదికలు పార్లమెంటు ఉభయసభల ముందుకు వచ్చును. ఎల్లను జరుపుటలో అంత దృఢమైన అధికారము, ఎల్లకు ఈవలనున్న పిల్లవాని పలకను చేరునప్పటికి ఇంత మెత్తబడినది. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళమును నిర్బంధ పాఠ్యాంశము చేసిన పిమ్మట, పదవ తరగతి పరీక్షలో మినహాయింపునకై అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు మద్రాసు హైకోర్టే దిక్కైనది.

2024 జూన్‌లో కృష్ణగిరి నుండి ఎన్నికైన కె. గోపీనాథ్, రాజ్యాంగ ప్రతిని చేతబట్టి, లోక్‌సభలో తెలుగులో ప్రమాణము చేసిరి; చివర 'జై తమిళనాడు' అనిరి.