ఏ పుస్తకం ఎవరికి? - మన పుస్తకాల దుకాణాల ముచ్చట



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. డి.ఏ. బకాయిల గురించి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను వేరే బకాయి గురించి వ్రాస్తానన్నాను. అది ప్రభుత్వం మనకు పడిన బకాయి కాదు; నేను ఒక పుస్తకాల దుకాణానికి పడిన బకాయి. ఆ సంగతి చెప్పేముందు అసలు మన తెలుగునాట పుస్తకం పాఠకుడి దగ్గరకు ఎలా చేరిందో కొంత చెప్పుకోవాలి.

"ఇది మంచి పుస్తకం, చదువు" అని చెప్పే మనిషి లేకుండా మనవాళ్ళలో చాలామంది పుస్తకం పట్టలేదు. అచ్చుయంత్రం వచ్చాక ఆ మాట చెప్పే బాధ్యత చాలావరకు అచ్చువేసి అమ్మేవారి మీద పడింది. వావిళ్ళ రామస్వామిశాస్త్రులుగారు 1854లో చెన్నపట్నంలో ముద్రణాలయం పెట్టారు. "వావిళ్ళవారి ప్రతి" అంటే తప్పుల్లేని ప్రతి అని పండితులకు కూడా నమ్మకం. వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారి కాలంలో ఆ నమ్మకానికి పెద్ద పరీక్షే వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించిన ముద్దుపళని "రాధికాసాంత్వనము"ను 1910లో వారు ప్రచురించారు. అది అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో! 1952లో ఆ పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఒక పుస్తకం చదవదగినదని చెప్పినందుకు నలభై ఏళ్ళు నిలబడవలసి వచ్చిందన్నమాట.

ఇక రెండో రకంవారు కొమర్రాజు లక్ష్మణరావుగారి వంటివారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్ర; 1907లో వచ్చింది. ఆ తరువాత దేశచరిత్రలూ, శాస్త్రగ్రంథాలూ వచ్చాయి. ఇంగ్లీషు రాని తెలుగువాడికి లింకను ఎవరో, జీవశాస్త్రం అంటే ఏమిటో తెలియదు. తెలియనిదాన్ని దుకాణానికి వెళ్ళి అడగనూ లేడు. అందుకని మండలివారే ఎంపిక చేసి చందాదారులకు అందించారు. అడిగినది ఇవ్వడం వ్యాపారం. అడగడానికి కూడా తెలియనిదాన్ని చేతికివ్వడం ఉపకారం.

తరువాత గ్రంథాలయోద్యమం వచ్చింది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో అక్కడే గ్రంథాలయ మహాసభ, ఇవన్నీ మనకు తెలిసినవే. గ్రంథాలయంలో చదవడం అలవాటైనవాడు కొన్నాళ్ళకు సొంతానికి ఒక ప్రతి కొనుక్కుందామనుకుంటాడు. దానితో దుకాణాలకు బలం వచ్చింది. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, అద్దేపల్లివారి సరస్వతీ గ్రంథమండలి, విజయవాడలో విశాలాంధ్ర, నవోదయ మా తరానికి యాత్రాస్థలాలు. బాపు రమణల పుస్తకాలు మా చేతికి నవోదయవారి ద్వారానే వచ్చాయి. సోవియట్ యూనియన్‌లో అచ్చయిన తెలుగు పుస్తకాలు, దళసరి కాగితం మీద రంగుల బొమ్మలతో, గుమాస్తా జీతగాడు కూడా కొనగలిగిన ధరకు విశాలాంధ్రలో దొరికేవి. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది.

ఎం. శేషాచలం అండ్ కో వారు తమ పేరునే కుదించి "ఎమెస్కో" అన్నారు. చొక్కా జేబులో పట్టే పుస్తకాలు వేశారు. "ఇంటింటా సొంత గ్రంథాలయం" అంటూ సభ్యులను చేర్చుకుని ఇంటికే పుస్తకాలు పంపారు. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వచ్చి, సహవాసి తెలుగు చేసిన "ఏడు తరాలు" వంటివి తక్కువ ధరకు ఇచ్చింది. 1985లో హైదరాబాదులో, 1989లో విజయవాడలో పుస్తక ప్రదర్శనలు మొదలయ్యాయి.

పేరున్న సంస్థల చరిత్ర ఇది. ఊరూరా ఉండి, పేరు ఎక్కడా నమోదుకాని చిన్న దుకాణాలవారి చరిత్ర ఎవరు వ్రాస్తారు? నాకు తెలిసిన ఒక్కరి గురించి వ్రాస్తాను.

నేను 1973లో ఎల్.డి.సి.గా ఒక తాలూకా ఆఫీసులో చేరాను. బస్టాండు ఎదుట ఒక పుస్తకాల కొట్టు ఉండేది. యజమానిని అందరూ మాస్టారు అనేవాళ్ళం, నిజానికి ఆయన ఏ బడిలోనూ పనిచేయలేదు. జూన్, జూలైలలో పాఠ్యపుస్తకాలు, నోటుబుక్కులు అమ్మి, ఆ లాభంతో మిగతా పదినెలలూ కథలూ నవలలూ నిలబెట్టేవారు. కొట్టులోకి ఎవరు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న "ఏం కావాలి?" కాదు, "కిందటిసారి తీసుకెళ్ళినది ఎలా ఉందండీ?" అనే.

ఆయన దగ్గర ఒక పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది. ఎడమ పేజీలో అప్పు, కుడి పేజీలో ఆ మనిషి చదివిన పుస్తకాల జాబితా. నేను అకౌంట్ టెస్టు గైడు కోసం వెళితే గైడు ఇచ్చి, దానితోపాటు "బారిస్టరు పార్వతీశం" పెట్టి, "ముందు ఇది చదవండి, బుర్ర తేలికపడుతుంది" అన్నారు. టెస్టు రెండోసారికి గాని ప్యాసు కాలేదు, పార్వతీశం మాత్రం మొదటిసారే ప్యాసయ్యాడు. ఒకసారి నేను ఒక పెద్ద నవల అడిగితే, "ఇప్పుడు వద్దు, మరో పదేళ్ళకు తీసుకోండి" అని అమ్మడానికి నిరాకరించారు. చేతికి వచ్చే డబ్బు వద్దన్న వ్యాపారిని అప్పుడే చూశాను. చదువంటే పారిపోయే మావాడికి "బుడుగు" ఇచ్చారు. ప్రతిదానికీ "ఎందుకు?" అనే మా అమ్మాయికి రష్యావారి భౌతికశాస్త్రం పుస్తకం ఇచ్చారు. ఆ అమ్మాయి తరువాత ఫిజిక్సు టీచరయింది.

1984లో నాకు బదిలీ అయింది. ఆనాటికి నా పేరున ముప్పైఎనిమిది రూపాయలు బాకీ. "వెళ్ళగానే ఎం.ఓ. చేస్తాను మాస్టారూ" అన్నాను. "డబ్బు సరే, అక్కడ ఏం చదువుతున్నారో కార్డు ముక్క వ్రాయండి" అన్నారు. నేను డబ్బూ పంపలేదు, కార్డూ వ్రాయలేదు. పిల్లల చదువులు, ఇంటి అప్పు అని నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ముప్పైఎనిమిది రూపాయలకు సరిపోదు.

1998లో పెళ్ళికి ఆ ఊరు వెళ్ళి, డబ్బు తీసుకుని కొట్టు దగ్గరకు వెళ్ళాను. అక్కడ ఫ్యాన్సీ షాపు ఉంది. మాస్టారు పోయి ఆరేళ్ళయిందట. వారి అబ్బాయి మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. సంగతి చెబితే నవ్వి, "ఆ ఖాతా పుస్తకాలు మిగిలిన సరుకుతోపాటు తూకానికి వేసేశామండీ, బాకీలేమీ లేవు" అని డబ్బు పుచ్చుకోలేదు. నా అప్పు పోయినందుకు కాదు గాని, ఆ కుడి పేజీలు పోయినందుకు బాధపడ్డాను. ఒక ఊరు పాతికేళ్ళపాటు ఏం చదివిందో చెప్పే రికార్డు అది. ఫైళ్ళు భద్రపరచడమే ఉద్యోగంగా బతికిన నాకు ఆ నష్టం ఎంతటిదో తెలుసు.

ఇప్పుడు మా మనవడు సెల్‌ఫోనులో పుస్తకం కొంటే, "ఇది కొన్నవారు ఇవి కూడా కొన్నారు" అని అదే చూపిస్తున్నది. సౌకర్యమే, కాదనను, ఊళ్ళో దొరకని పుస్తకం గుమ్మంలోకి వస్తున్నది. అయితే దానికి నేను కొన్నది తెలుసు గాని, కొన్నది చదివానో లేదో తెలియదు. "ఇప్పుడు వద్దు" అని అది ఎన్నడూ అనదు.

కాబట్టి నాదొక మనవి. లైఫ్ సర్టిఫికెట్ల కోసం మనమందరం ఏటా సంఘ భవనానికి వస్తూనే ఉంటాము. అక్కడ ఒక బీరువా, ఒక పొడుగాటి ఖాతా పుస్తకం పెడదాము. ప్రతి సభ్యుడూ తాను చదివిన ఒక పుస్తకం పేరు, అది ఏ వయసువారికి పనికివస్తుందో, ఎందుకో రెండు ముక్కలు వ్రాయాలి. వీలైతే ప్రతి కూడా ఇవ్వాలి. దగ్గరలో ఇంకా నడుస్తున్న చిన్న పుస్తకాల కొట్టు ఉంటే మిగతావి అక్కడే కొందాము, రొక్కం ఇచ్చి.

మొదటి పేజీ నేను వ్రాస్తున్నాను. పిల్లలకు "బుడుగు", జపాను చిన్నపిల్ల టోటోచాన్ కథ "రైలుబడి"; తెలుగు చదవడం రాని మనవలకు మనమే చదివి వినిపించాలి. కాలేజీవారికి "ఏడు తరాలు", "బారిస్టరు పార్వతీశం". మన ఈడువారికి శ్రీపాదవారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ", తిరుమల రామచంద్రగారి "హంపీ నుంచి హరప్పా దాకా". జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం ఎలాగో ఈ రెండూ నేర్పుతాయి.

మాస్టారు వద్దన్న ఆ పెద్ద నవల విశ్వనాథవారి "వేయిపడగలు". పదేళ్ళు ఆగమంటే నేను ముప్పైఏళ్ళు ఆగి, రిటైరయ్యాక చదివాను. ఆయన చెప్పినది నిజమే. ఆ సంగతి కార్డు ముక్క మీద వ్రాయవలసినవారు ఇప్పుడు లేరు కనుక ఇక్కడ వ్రాసుకున్నాను. బీరువాకు తొలి విరాళంగా ముప్పైఎనిమిది రూపాయలు, దానిమీద నాకు తోచినంత వడ్డీ కలిపి కోశాధికారిగారికి అందజేసి రశీదు తీసుకున్నాను.

సెలవు.