బుల్లెట్టు కిక్కు వెనక కథ

పాత బుల్లెట్టు ఇంట్లో ఉన్నవాళ్లు చాలామంది ఒకే మాట అంటున్నారు. "కిక్కు జారిపోతోంది, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను" అని. ఇచ్చేసే ముందు ఆ కిక్కు ఎక్కడి నుంచి వచ్చిందో, లోపల ఏముందో ఒకసారి తెలుసుకోండి. దానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. లోపల చూస్తే మాత్రం మన సైకిలు ఫ్రీవీలును మించిన విచిత్రం ఏమీ లేదు.

మొదట్లో మోటారు సైకిలుకు కిక్కే లేదు. సైకిలుకు ఇంజను కట్టినట్టు ఉండేవి ఆ బండ్లు. పెడలు తొక్కాలి, లేదంటే పక్కన పరుగెత్తుతూ తోసి, ఇంజను అందుకోగానే ఎగిరి కూర్చోవాలి. 1908లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ స్కాట్ అనే ఆయన తన రెండు సిలిండర్ల బండికి, నిలబడిన చోటే కాలితో తొక్కి స్టార్టు చేసే ఏర్పాటు పెట్టాడు. తర్వాత మెల్లగా మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

ఇక మన బుల్లెట్టు సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఫ్యాక్టరీ ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊళ్లో ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి గట్టి బండి కావాల్సి వచ్చి 350 సీసీ బుల్లెట్టును ఎంచుకున్నారు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఆ ఇంగ్లీషు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో బండ్లు తయారయ్యాయి. విచిత్రం చూడండి, 1970 కల్లా ఇంగ్లండులో కంపెనీ మూతపడింది. మద్రాసులో మాత్రం అదే పాత నమూనా నడుస్తూనే వచ్చింది. పుట్టిన దేశంలో ఆగిపోయిన బండి మన ఊళ్లలో పాలక్యాన్లు మోసింది, ఎరువు బస్తాలు మోసింది.

ఆ నాలుగు గేర్ల బుల్లెట్టులో గేరుబాక్సు ఆల్బియన్ అనే ఇంగ్లీషు కంపెనీ నమూనా. కిక్కు ఏర్పాటు అంతా దాని కుడిపక్క మూత వెనకే ఉంటుంది. కిక్కు రాడ్డు తగిలించిన ఇరుసు మీద నాలుక లాంటి చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. దాని కింద ఒక సన్నటి స్ప్రింగు. ఆ ఇరుసు దూరే పెద్ద గేరు లోపలివైపు రంపపు పళ్లు. మీరు కిక్కు కిందికి తొక్కగానే నాలుక లేచి పళ్లలో పడుతుంది, గేరు తిరుగుతుంది. కిక్కు పైకి వచ్చేటప్పుడు నాలుక పళ్ల మీద టకటకమని జారుతుంది. సైకిలు పెడలు వెనక్కి తొక్కితే వచ్చే చప్పుడు అదే. కిక్కు పూర్తిగా పైకి వచ్చాక ఒక అడ్డుపలక ఆ నాలుకను లోపలికి నొక్కి ఉంచుతుంది. అందుకే ఇంజను తిరుగుతున్నా కిక్కు కదలదు.

ఇంకో సంగతి ముఖ్యం. కాలి బలం నేరుగా ఇంజనుకు పోదు. గేర్ల మీదుగా క్లచ్చుకు, అక్కడి నుంచి ఎడమపక్క చైనుతో ఇంజనుకు పోతుంది. కాబట్టి క్లచ్చు ప్లేట్లు అరిగినా కిక్కు జారినట్టే అనిపిస్తుంది. స్విచ్చి ఆపి, మూడో గేరులో పెట్టి, క్లచ్చు పట్టకుండా బండి తోసి చూడండి. ఇంజను బిగువుగా తిరిగితే క్లచ్చు బాగున్నట్టే, లోపం కిక్కులో ఉంది. బండి ముందుకు పోయి ఇంజను తిరగకపోతే క్లచ్చు చూడాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా గేరుబాక్సు మొత్తం మార్చుకుని వేలు పోసినవాళ్లు ఉన్నారు.

విప్పితే ఏం చూడాలి? నాలుక మొన గుండ్రంగా అరిగిందా, పళ్ల అంచులు చిట్లాయా, చిన్న స్ప్రింగు చచ్చిపోయిందా. మళ్లీ బిగించేటప్పుడు ఆ చిన్న స్ప్రింగుకు కాస్త గ్రీజు రాసి కూర్చోబెట్టండి. లేకపోతే ఎగిరిపోయి మట్టిలో వెతుక్కోవాల్సి వస్తుంది. నాలుకను వేలితో నొక్కి పట్టుకుని ఇరుసును గేరులోకి జరపాలి. తర్వాత కిక్కును పైకి లాగే పెద్ద స్ప్రింగు. దాని కొన విప్పక ముందు ఏ రంధ్రంలో ఉందో ముందే ఫోటో తీసి పెట్టుకోండి. బిగువు తగ్గితే కిక్కు పూర్తిగా పైకి రాదు, నాలుక పళ్లకు తగులుతూ చప్పుడు చేస్తుంది. మూత బిగించాక, ఆయిలు పోయక ముందే చేత్తో నాలుగైదు సార్లు తిప్పి చూడండి. కిందికి పట్టాలి, పైకి టకటకమనాలి, పైన చేరాక చప్పుడు ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే పని అయినట్టే.

పళ్లు అసలు ఎందుకు విరుగుతాయంటే, ఎక్కువగా వెనక్కి తన్నడం వల్లే. ఆయిల్ ఇంజను హ్యాండిలు తిప్పినవాళ్లకు ఆ దెబ్బ తెలుసు. అక్కడ లివరు ఎత్తి గాలి వదిలి తిప్పినట్టే, బుల్లెట్టుకూ ఎడమచేతి పక్క డీకంప్రెషన్ లివరు ఉంది. స్విచ్చి వేసి, మెల్లగా కిక్కు నొక్కుతూ ఆంపియరు మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, లివరు పట్టి కొంచెం దాటించి, లివరు వదిలేసి, కిక్కును పైకి రానిచ్చి అప్పుడు నిండుగా తొక్కాలి. పాయింట్ల టైమింగు ముందుకు జరిగి ఉంటే ఎంత జాగ్రత్తగా తొక్కినా తంతుంది. దాన్ని సరిచేయకుండా కిక్కు సామాను ఎన్నిసార్లు మార్చినా మళ్లీ పోతుంది.

అదే రోజుల్లో మైసూరులో తయారైన జావా బండికి ఇంకో పద్ధతి. 1961లో మొదలైన ఐడియల్ జావా ఫ్యాక్టరీ బండి అది, తర్వాత యెజ్డీ పేరుతో వచ్చింది. దానికి గేరు రాడ్డే కిక్కు రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్లీ ముందుకు వాల్చితే గేరు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడినా బండ్లు ఇంకా తిరుగుతున్నాయంటే, విప్పి బిగించగల చేతులు ఊరూరా ఉండబట్టే.

ఇప్పుడు ఆ చేతులే తగ్గిపోతున్నాయి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి అసలు కిక్కే లేదు. బటను నొక్కితే చాలు, సుఖమే, కాదనను. కానీ బ్యాటరీ పోయిన రోజున పొలం గట్టు మీద నిలబడి ఫోను చేసుకోవాలి. మోటార్లు, స్టార్టర్లు, ట్రాక్టర్లు కూడా అదే దారిలో పోతున్నాయి. మనం కొన్న యంత్రం లోపల ఏముందో మనకు తెలియకపోతే, ప్రతి చిన్న రిపేరుకూ ఎదుటివాడు చెప్పిందే ధర అవుతుంది.

అందుకని నా మాట ఒక్కటే. ఇంట్లో పాత బుల్లెట్టు ఉంటే తుక్కుకు వేయకండి. మీ ఊళ్లో పాత మెకానిక్కు ఇంకా పని చేస్తుంటే, ఈసారి కిక్కు విప్పేటప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టండి. ఒక్క పూట చూస్తే చాలు, ఆ నాలుక ఏం చేస్తుందో జన్మలో మరిచిపోరు.