నయాపూల్ నుంచి గుల్జార్‌హౌజ్ దాకా

నయాపూల్ దాటగానే ఎవరో ఒకరు అంటారు: 'ఇక్కణ్నుంచి పాతబస్తీ.' ఆ మాట వెనకాలే ఇంకో మాట వస్తుంది, 'జర జాగ్రత్త' అని. మేం ఈ రెండూ వింటూనే పెరిగాం. అందుకే ఈ సడక్ అసలు వయసెంతో ఒకసారి లెక్క చూడాలనిపించింది.

చార్మినార్ 1591 నాటిది. చార్‌కమాన్లు ఆ వెంటనే లేచాయి. అంతవరకు పాతే, కాదనం. నయాపూల్ పేరులోనే కొత్త ఉంది. 1578 నాటి పురానాపూల్ ఉండగా అఫ్జలుద్దౌలా హయాంలో, 1860 ప్రాంతంలో కట్టారు కాబట్టి అది కొత్త వంతెన అయింది. ఇక మదీనా చౌరస్తా నుంచి గుల్జార్‌హౌజ్ వైపు, రోడ్డుకు రెండు పక్కలా రాతి కమాన్ల వరస ఉంది చూశారా, పత్తర్‌గట్టి? వచ్చినవాళ్లు దాన్ని కుతుబ్‌షాహీల కట్టడం అనుకుని ఫొటోలు తీసుకుంటారు. నిజానికది ఇరవయ్యో శతాబ్దపు టౌన్ ప్లానింగ్.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. 15,000 మంది పోయారని చెప్తారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరద భయంలోంచి పుట్టినవే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించడం దాని పని. పత్తర్‌గట్టి ఆ బోర్డు చేతి పనే. కింద దుకాణాలు, వాటి ముందు ఎండా వానా తగలకుండా నడవడానికి కమాన్ల వసారా. ఆ రాళ్లు కొట్టినవాళ్ల పేర్లు మాకెవరూ చెప్పలేదు. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు తెరిచారు. 1925 నాటికి అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి లేచింది.

అంటే మా తాతల కాలంలో నగరంలో ఇంతకన్నా ఆధునికమైన రోడ్డు వెతికినా దొరికేది కాదు. మరి దీనికి 'పాత' అనే ముద్ర ఎప్పుడు పడింది?

1948 తర్వాత అని మేమంటాం. పోలీసు చర్యతో రాజ్యం పోయింది. పోతే పోయింది, రాజ్యం మాదెప్పుడు? దేవిడీల్లో వంటలు చేసినవాళ్లం, టాంగాలు తోలినవాళ్లం, దఫ్తర్లలో ఉర్దూ రాతకోతల మీద బతికినవాళ్లం. నవాబు పోతే మా పని పోయింది. దఫ్తర్ల నుంచి ఉర్దూ పోతే మా చదువు అక్కరకు రాకుండా పోయింది. చరిత్ర రాసినవాళ్లు మాత్రం మమ్మల్ని నవాబుల ఖాతాలోనే కలిపేశారు. నగరం మెల్లగా ఆబిడ్స్‌కి, తర్వాత బంజారాహిల్స్‌కి, 1998లో సైబర్ టవర్స్‌తో మాదాపూర్‌కి జరిగింది. ఈ సడక్ మీదికి బండ్లొచ్చినంతగా పైసలు రాలేదు.

బేరాలు ఆగలేదు గానీ. షేర్వానీ కోసం పత్తర్‌గట్టి, ముత్యాలకూ వెండికీ గుల్జార్‌హౌజ్. జిల్లాల నుంచి పెళ్లి సామానుకొచ్చిన తల్లి తెలుగులో అడిగితే దుకాణందారు ఉర్దూలో ధర చెప్తాడు. ఇద్దరికీ అర్థమవుతుంది. మొహర్రంలో బీబీకా ఆలం గుల్జార్‌హౌజ్ మీదుగా పోతుంది. బాలాపూర్ గణేశుడూ ఈ దారినే హుస్సేన్‌సాగర్‌కి పోతాడు. పేపర్లకు ఇవేవీ వార్తలు కావు. 1990 డిసెంబర్ కర్ఫ్యూ మాత్రం వార్త. మేమప్పుడు పిల్లలం. పాలకోసం గల్లీ దాటడమెట్లాగని పెద్దలు గుసగుసలాడుకోవడం గుర్తుంది. ఇన్నేళ్లయినా ఆ ఒక్క ఫొటోతోనే మమ్మల్ని గుర్తుపడతామంటే ఎట్లా?

చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడకదారి చేయాలని 1990ల్లోనే మాటలు మొదలయ్యాయి. రెండు దశాబ్దాలు దాటాక గానీ అది కుదర్లేదు. ఇప్పుడు రాళ్లు పరిచారు, దీపాలు పెట్టారు, చూడ్డానికి బాగానే ఉంది. తోపుడుబండివాడు ఎక్కడ నిలబడాలన్న తగాదా మాత్రం తెగలేదు.

ఇంకో కదలిక మొదలైంది. హైకోర్టు కొత్త భవనానికి 2024 మార్చిలో రాజేంద్రనగర్ దగ్గర శంకుస్థాపన చేశారు. ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనానికి 2025 జనవరిలో గోషామహల్‌లో చేశారు. రోగులకు మంచి ఆస్పత్రి కావాలి, దానికి మేం అడ్డం కాదు. వరద తర్వాత ఈ ఒడ్డుకు పెద్దరికం తెచ్చినవి ఆ రెండు కట్టడాలే. వాటి గేట్ల దగ్గర చాయ్, పండ్లు, స్టాంపు కాగితాలు అమ్ముకునేవాళ్ల సంగతి కొత్త ప్లాన్లలో ఎక్కడుందని అడుగుతున్నాం.