రాతి శాసనము, వెదురు సాక్ష్యము: మేడారం జాతరను చరిత్రగా చదువుట

వరంగల్ ప్రాంత చరిత్రను మనము సాధారణంగా శాసనాలతో ఆరంభిస్తాము. 1163 నాటి హనుమకొండ శాసనము, 1213 నాటి రామప్ప గుడి శాసనము రాజుల, సేనానుల మాటలు. కప్పం కట్టినవారి మాట వాటిలో వినిపించదు. ఆ మాట ఎక్కడ నిలిచియున్నదని వెదకువారికి మేడారం జాతర ఒక ముఖ్య ఆధారము.

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాలో ఉన్న మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి సమయంలో నాలుగు రోజులు ఈ జాతర జరుగుతుంది. కథనం ఇది: కరవు వచ్చినందున కోయ దొర పగిడిద్దరాజు కప్పం చెల్లించలేకపోయాడు. ప్రతాపరుద్రుని సైన్యం దండెత్తింది. పగిడిద్దరాజు, కుమార్తె సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో మరణించారు. కుమారుడు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. అది జంపన్న వాగైంది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి అదృశ్యమైంది. అక్కడ కుంకుమ భరిణె మాత్రమే దొరికింది.

చెప్పేవారిని బట్టి బంధుత్వాలు, వివరాలు మారుతాయి. కనుక దీనిని ప్రతాపరుద్రుని పాలనకు (1289–1323) దినచర్యగా తీసుకొనలేము. అయితే కరవు, కప్పం, యుద్ధం, వాగు అనునవి మారవు. సమాజం మరువనొల్లనిది అదే.

జాతర క్రమము కూడా ఈ జ్ఞాపకాన్నే మోస్తున్నది. గద్దెలపై విగ్రహాలు లేవు. వెదురు, కుంకుమ భరిణె ఉంటాయి. పూజారులు కోయలే. భక్తులు అర్పించే ‘బంగారం’ నిజానికి బెల్లం. మొదటి రోజు కన్నెపల్లి నుండి సారలమ్మను, రెండవ రోజు చిలకలగుట్ట నుండి సమ్మక్కను తెస్తారు. నాల్గవ రోజు వనప్రవేశము. సమ్మక్క దిగివచ్చేటప్పుడు పోలీసు అధికారులు గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతిస్తారు. 1996లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. రాజుకు ఎదురు నిలిచిన తల్లికి నేడు రాజ్యమే వందనం చేస్తున్నది.

న్యాయాధిపతులు 11వ అధ్యాయము చివర, యెఫ్తా కుమార్తెను తలంచుకొనుటకు ఇశ్రాయేలు స్త్రీలు ఏటేట నాలుగు దినములు వెళ్ళుచుండిరని చదువుతాము. అక్కడ శాసనము లేదు, సమాధి ప్రస్తావన లేదు. స్త్రీల నడకయే ఆ మరణానికి సాక్ష్యము.

ఆరాధన విషయంలో మన విశ్వాసము స్పష్టము. అయినను మన సంఘాలలో అనేక కుటుంబాల పెద్దలు ఒకప్పుడు బండ్లు కట్టుకొని ఇటువంటి జాతరలకు వెళ్ళినవారే. దీనిని ‘విగ్రహారాధన’ అను ఒక్క మాటతో ముగించు కాపరి, లేని విగ్రహాన్ని ఖండించి, ఉన్న దుఃఖాన్ని వినకపోవును. బోధించుటకు ముందు ఆ పెద్దల నోట ఈ కథ వినుట కాపరి పనిలో భాగమని మేము తలంచుచున్నాము.