సంబోధనలు – సాంఘిక సంబంధాలు

కిందటి యేడు ద్వితీయ సంవత్సరం విద్యార్థులకు వ్యాకరణ పాఠం చెబుతున్నాను. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలోని మహత్తు, అమహత్తు అనే విభజన ఆనాటి పాఠ్యాంశం. స్త్రీలను, పశుపక్ష్యాదులను, ప్రాణంలేని వస్తువులను తీసివేయగా మిగిలినవి మహత్తులని, అంటే పురుషుడే మహత్తని వివరిస్తున్నాను. అంతలో మా కాలేజీ అటెండరు సర్క్యులరు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వయస్సులో మా నాన్నగారికి సమానం. "అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాను. "అట్లాగేనండి" అని పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. వెనుక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, ఆయన మహత్తేనా?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

ఆమె అడిగింది వ్యాకరణ ప్రశ్న కాదు, చరిత్ర ప్రశ్న. మా నాన్నగారిని గురించి రాసేటప్పుడు "గారు" నా కలం నుండి దానంతట అదే వచ్చింది. అదే వయస్సున్న మరో మనిషి "నిలబడ్డాడు", "వెళ్ళిపోయాడు". పై పేరాను దిద్దకుండా అట్లాగే వుంచుతున్నాను. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పుచ్చుకుని, పదిమంది ముందు సమానత్వాన్ని గురించి ఉపన్యసించేవాడి కలం కూడా ఏ దారిన నడుస్తున్నదో పాఠకులు చూడటం మంచిది.

మనం రోజూ పలికే మాటల్లో నువ్వు, మీరు అనే రెండింటికన్న నిరపాయంగా కనిపించేవి లేవు. వాటిని మర్యాద అంటాము, సంప్రదాయం అంటాము, పెంపకం అంటాము. కాని ఒక వూళ్ళో ఎవరి శ్రమ మీద ఎవరు బతుకుతున్నారో తెలుసుకోవాలంటే భూముల రికార్డులు తిరగవేయవలసిన అవసరం లేదు; రచ్చబండ దగ్గర ఒక పూట కూర్చుని ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వింటే చాలు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. "నువ్వు" అనే మాటలోనే అవమానం వున్నదని కొందరు భావిస్తారు. మన సాహిత్య చరిత్ర ఈ భావాన్ని బలపరచదు. 11వ శతాబ్దంలో నన్నయ ప్రారంభించిన భారతం చూడండి, పోతన భాగవతం చూడండి. మునిని, రాజును, సాక్షాత్తు భగవంతుణ్ణి సైతం "నీవు" అనే పిలుస్తారు. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు విష్ణువును బహువచనంలో వేడుకోలేదు. ఒక్క మనిషిని "మీరు" అనే అలవాటు కావ్యభాషలో అరుదు. అధికారుల కచేరీల్లో, జమీందారుల దివాణాల్లో, దేశముఖుల గడీల్లో అది నిత్యవ్యవహారమై స్థిరపడింది. ఈనాటికీ తెలంగాణలోను, రాయలసీమలోను, ఉత్తరాంధ్రలోను అనేక పల్లెల్లో ఒకరినొకరు "నువ్వు" అనుకుంటారు. అందులో అగౌరవం లేదు, ఆత్మీయత వుంది.

కాబట్టి దోషం మాటలో లేదు. దోషం ఆ మాట ఒకవైపు మాత్రమే ప్రయాణించటంలో వుంది. భూస్వామి పదేళ్ళ కొడుకు అరవై యేళ్ళ పాలేరును "ఒరే" అంటాడు. ఆ పాలేరు బదులుగా "బాబుగారూ" అనో, "చిన్నదొరా" అనో అంటాడు. ఇంటి యజమాని భార్యను "ఏమే" అంటాడు; ఆమె "ఏమండీ" అంటుంది, భర్త పేరు ఉచ్చరించటమే అపచారం అనుకుంటుంది. తల్లిదండ్రులు పెట్టుకున్న ఎల్లయ్య అనే పేరు దొర ముంగిట్లోకి వచ్చేసరికి "ఎల్లిగాడు" అవుతుంది, లక్ష్మమ్మ "లచ్చి" అవుతుంది. పేరు చివరి "అయ్య", "అమ్మ" కూడా ఒక ఆస్తే. దానిమీద కూడా పెద్దకులాలే హక్కు చలాయించాయి. మనిషి శ్రమను కొల్లగొట్టటానికి ముందు అతని పేరును కత్తిరించటం భూస్వామ్య వ్యవస్థకు ఒక అవసరం. ఎందుకంటే, సగం పేరున్న వాడికి సగం కూలి ఇవ్వటం తేలిక.

నిజాం రాజ్యంలోని వెట్టిచాకిరీ ఈ సంబంధాన్ని దాని నగ్నరూపంలో చూపుతుంది. అక్కడ రైతుకూలీ దొర ఎదుట పలికిన మాట "నీ బాంచన్, నీ కాల్మొక్త" అన్నది. బాంచ అంటే బానిస. అది వట్టి సంబోధన కాదు; మాట్లాడేవాడు తన స్థానాన్ని తానే ప్రకటించుకున్న తరువాతే నోరు విప్పాలనే శాసనం. వెట్టిని ఆపవలసిందని కాగితాల మీద ఉత్తర్వులు రాకపోలేదు. గడీ గుమ్మం దగ్గర అవి ఆగిపోయాయి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1944 నాటి భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించేనాటికి అది కూలిజనం దాకా చేరింది. పల్లెల్లో దాన్ని జనం "సంఘం" అని పిలుచుకున్నారు. 1946 జులై 4న కడవెండిలో ఆ సంఘం నడిపిన ఊరేగింపు మీద విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య ప్రాణం కోల్పోయాడు. గడీలో ఆ పేరు చివరి "అయ్య" ఏనాడైనా వినిపించి వుంటుందా? చరిత్ర మాత్రం దాన్ని నిండుగా రాసుకుంది. దున్నేవాడు భూమిని అడిగిన రోజుననే "బాంచన్" అనే మాట నోట ఆగిపోయింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: దొరలు మర్యాద నేర్చుకున్నందువల్ల ఆ మాట పోలేదు, కూలీలు సంఘటితులైనందువల్ల పోయింది.

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన అనుభవం కాదు. రష్యన్ భాషలోనూ మన నువ్వు, మీరు వంటి రెండు మాటలున్నాయి. 1912లో సైబీరియాలోని లేనా బంగారు గనుల కార్మికులు సమ్మె చేశారు. 8 గంటల పనిదినం, కూలిరేట్ల పెంపు, జుర్మానాల రద్దు వారి కోర్కెలు. అదే జాబితాలో మరొకటి కూడా వుంది: యాజమాన్యం తమను "మీరు" అని సంబోధించాలి. జారు సైన్యం జరిపిన కాల్పుల్లో వందలాది కార్మికులు చనిపోవటమో, గాయపడటమో జరిగింది. ఐదేళ్ళ తరువాత, 1917 మార్చిలో, పెట్రోగ్రాడ్ సోవియట్ తన మొదటి ఉత్తర్వులోనే అధికారులు సైనికులను "నువ్వు" అనరాదని నిషేధించింది, అధికారుల ఘనమైన బిరుదులను రద్దు చేసింది. రాజ్యాధికారం వంటి మహా సమస్య ముందున్న వేళ ఒక సర్వనామం కోసం వాక్యం కేటాయించటం చాదస్తమని వారు అనుకోలేదు. కూలి పెంపు, గౌరవం రెండు వేర్వేరు కోర్కెలు కావని లేనా కార్మికులకు తెలుసు.

మన సాహిత్యంలోనూ ఈ మార్పుకు ఆనవాళ్ళున్నాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన మాలపల్లి నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నవల విశిష్టతను గురించి విమర్శకులు చాలా రాశారు. నాకు ముఖ్యమనిపించేది చాలా చిన్న విషయం: మాలవాడలోని ఒక రైతుకూలీ ఆ నవలలో మొదటినుండి చివరిదాకా రామదాసు. "గాడు" అనే తోక లేకుండా ఒక కూలివాడి పేరు గ్రంథంలోకి ప్రవేశించటం ఆనాటి పాఠకుడికి చిన్న సంగతి కాదు.

పేరు చివరి కులచిహ్నం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులసూచకమైన పట్టాలను వదలివేయాలని తీర్మానించింది. సుందరరామిరెడ్డిగా పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పేరులోని రెడ్డిని తీసివేసుకున్నారు. కాని అభ్యుదయ శిబిరంలో అందరూ ఆ పని చేయలేదనేది మనం దాచవలసిన విషయం కాదు. దీనికి భిన్నంగా, 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం నాటినుండి మాదిగ కార్యకర్తలు తమ పేర్ల చివర "మాదిగ" అని గర్వంగా చేర్చుకున్నారు. ఒకరు వదిలివేయటం, మరొకరు చేర్చుకోవటం – పైకి రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకే న్యాయం. పెద్దకులం పేరు చివర బిరుదుగా నిలుస్తుంది. శ్రామిక కులం పేరు ముందు ముద్రగా పడుతుంది. బిరుదు వున్నవాడు దాన్ని దించుకోవాలి. ముద్ర పడినవాడు దాన్నే జెండాగా ఎత్తవచ్చు. ఈనాడు చాకలి ఐలమ్మ పేరు తెలంగాణ నోట పలికేటప్పుడు ఆ "చాకలి" అవమానంగా వినిపించదు. అర్థాన్ని మార్చింది నిఘంటువు కాదు, పాలకుర్తి పొలంలో తన పంట కోసం ఆమె చేసిన పోరాటం.

స్త్రీల విషయానికి వస్తే చిక్కు మరింత లోతైనది. "వాడు వచ్చాడు" అన్నప్పుడు ఆ పురుషుడికి గౌరవం దక్కకపోయినా మనిషి అని క్రియ గుర్తిస్తుంది. "ఆమె వచ్చింది" అన్నప్పుడు క్రియ ఆమెకూ ఆవుకూ భేదం చూపదు. మనుష్యుల వరుసలో చేరాలంటే స్త్రీ "వచ్చారు" అనే బహువచనం దాకా వెళ్ళాలి. ఇది భూస్వాములు కల్పించిన వ్యాకరణమని నేననను. గోండి, కొలామీ భాషల ఏకవచనంలోనూ ఇదే విభజన వుంది. ఇది చాలా ప్రాచీనమైన లక్షణం. వ్యాకరణాన్ని ముద్దాయిగా నిలబెట్టి ప్రయోజనం లేదు. కాని ఏ స్త్రీకి "వచ్చారు" అంటున్నాము, ఏ స్త్రీకి "వచ్చింది" అంటున్నాము అన్నది వ్యాకరణం నిర్ణయించదు. కలెక్టరమ్మ వచ్చారు, అంట్లు తోమే అమ్మ వచ్చింది. ఈ తేడా చిన్నయసూరి చేసింది కాదు, మనం చేసింది.

1950 నాటి రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది, 18వ అధికరణంలో బిరుదులను రద్దు చేసింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి, దళితులను, ఆదివాసులను పదిమంది ఎదుట కులం పేరుతో దూషించటం నేరమని స్పష్టంగా చేర్చారు. ఇవి పోరాటాల ఫలితాలే. కాని చట్టం దూషణను పట్టగలదు, అలవాటును పట్టలేదు. ఈనాటి పట్టణాన్ని చూడండి. బహుళ అంతస్తుల భవనాల్లో "వాచ్‌మన్"కు పేరు వుండదు, "పనమ్మాయి"కి యాభై యేళ్ళు దాటినా వయస్సు రాదు, ఇద్దరు బిడ్డల తండ్రి కూడా "డెలివరీ బాయ్". దొంగతనం చేసిన పేదవాడు పత్రికలో "పారిపోయాడు", బ్యాంకులను ముంచిన పెద్దమనిషి "విదేశాలకు వెళ్ళిపోయారు". కంపెనీలు తమ కార్మికులకు ప్రతి వాక్యం చివర "సార్" అనటం నేర్పి, ఆ వినయాన్ని సరుకుతోపాటు మనకు అమ్ముతున్నాయి. గడీలో మర్యాదను బలవంతాన రాబట్టేవారు. బజారులో దాన్ని కొంటున్నాము. రెండు చోట్లా అది ఒకవైపే ప్రయాణిస్తున్నది.

దీనికి మిత్రులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. "కూలి పెంచకుండా మీరు, గారు అంటే ఏమి లాభం? అది మధ్యతరగతి మనస్సాక్షికి మందు రాసుకోవటమే" అంటారు. ఇందులో నిజం వుంది. ఆ మరునాడు నేను మా అటెండరును "మీరు కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు. ముఖం చిన్నబుచ్చుకుని, "నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా అండీ?" అని అడిగారు. ముప్పై యేళ్ళ నౌకరీలో పైవాడి నోటి నుండి "మీరు" వచ్చిందంటే అది కోపానికో ఎగతాళికో గుర్తని ఆయన అనుభవం. ఒక్కడి మర్యాద ఆ అనుభవాన్ని చెరపలేదు. నేనొక్కణ్ణి మంచివాణ్ణయితే సరిపోదని ఆ రోజు అర్థమైంది.

ఐతే దీన్ని బట్టి మాట సంగతి తరువాత చూద్దామనటం న్యాయం కాదు. సభలో "శ్రామికవర్గం వర్ధిల్లాలి" అని, బయటికి వచ్చి రిక్షా మనిషిని "ఏయ్, వస్తావా?" అనేవాణ్ణి ఆ శ్రామికవర్గం నమ్మదు. లేనా జాబితాలో కూలి, గౌరవం ఒకదాని కింద ఒకటి వున్నట్టే మన సంఘాల జాబితాల్లోనూ వుండాలి. అధ్యాపక సంఘం, విద్యార్థి సంఘం తమ కాలేజీ బోధనేతర సిబ్బంది వేతనాల కోసం నిలబడేటప్పుడు, ఆ సిబ్బందిని పేరుతో, "గారు"తో పిలవాలని అదే కాగితం మీద రాసుకోవాలి. కొలమానం సులభమైనదే: నేను ఏ మాటతో ఒకరిని పిలుస్తున్నానో, అదే మాటతో వారు నన్ను పిలవగలగాలి. పిలవగలిగితే "నువ్వు" కూడా మంచి మాటే, పిలవలేకపోతే "నాయనా" కూడా పెత్తనమే.

ఈ సంవత్సరం మళ్ళీ అదే పాఠం వచ్చింది. మా కాలేజీలో ఆయనను "గారు" అనేవాళ్ళం ఇప్పుడు ఏడెనిమిది మందిమి అయ్యాము. మొన్న సర్క్యులరు పుస్తకం తెచ్చి, "మాస్టారూ, సంతకం పెట్టి మీరే ఆఫీసుకు పంపించండి, నాకు వేరే పని వుంది" అన్నారు. పుస్తకం నేనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను.