రివిట్టు పలికే పలుకు

ఆ ఎండుపుల్లలు మంటలోకి తోయ్‌రా అబ్బోడా, చెనిక్కాయలు ఇంకా సరిగ్గా కాలలా. గోదావరి మింద పాత రైలు వంతెన సంగతి అడిగినావు గదా, ఇను.

నేను రైల్వే గ్యాంగులో చేరిన కాలంలో మన కుప్పం లైనూ, ఆ రాజమండ్రి లైనూ రెండూ దక్షిణ రైల్వేవే. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబరులో. అంతకు ముందే నన్ను కొన్నాళ్లు ఆ వంతెన పనికి తోలినారు. ఇసక తప్ప నీళ్లు కనపడని మన పాలారును చూసి పెరిగినోణ్ణి. గోదావరిని చూసి, ఇది ఏరా సముద్రమా అని పక్కనోణ్ణి అడిగితే పడీ పడీ నవ్వినాడు.

ఆ వంతెన 1897లో మొదలుపెట్టి 1900లో బండ్లు తోలినారు. కట్టించింది వాల్టన్ దొర, కాశీలో గంగ మింద డఫరిన్ వంతెన కట్టినాయనే. పేరు మాత్రం మద్రాసు గవర్నరు హేవలాక్‌ది. అది రాకముందు ఏటి కాడ బండి దిగి, పడవలో దాటి, అవతల మళ్లా బండెక్కాల. వంతెనకు 56 కానాలు, ఒక్కోటీ 150 అడుగులు. ఉండేది ఒకటే లైను. కొవ్వూరు నుంచి బండి వంతెన ఎక్కిందంటే, ఈ పక్క ఎంత పెద్ద మెయిలైనా సరే, గోదావరి స్టేషన్లో నిలబడాల్సిందే.

మా పనేమంటావా? ఇనప దూలాలను బిగించే రివిట్లు చూసేది. ఒక పక్క రివిట్టు తలకాయ మింద వేలు ఆనిచ్చి, రెండో పక్క చిన్న సుత్తితో కొట్టాల. గట్టిగా ఉంటే ఖంగుమంటాది, వేలికి ఏమీ తెలీదు. వదులైందంటే డబ్బుమంటాది, వేలి కింద సన్నంగా అదురుతాది. అట్లా దొరికితే సుద్దతో గీత గీసి మేస్త్రీకి చెప్పేది. ఎండకు ఇనుము సాగుతాది గదా, దూలం ఒక కొసను బిగించి రెండో కొసను జరిగేటట్టు వదిలుంటారు. ఆడ తుప్పు పట్టకుండా గ్రీసు పెట్టాల.

బండి వచ్చిందంటే, పక్కన తొట్టి మాదిరి కట్టిన జాగాలోకి దూరి కమ్మి పట్టుకుండేది. కాళ్ల కింద ఇనుమంతా వణుకుతాది. బండ్లో ఆడోళ్లు గోదారమ్మకని చిల్లర విసురుతారు. సగం నీళ్లలోకి పోతే సగం దూలాలకు తగిలి టంగుమని ఎగిరొచ్చి మా మిందే పడేది.

బండ్లు పెరిగేకొద్దీ ఒక లైను చాలలా. 1974లో పైన రోడ్డు, కింద రైలు ఉండే వంతెన పక్కనే కట్టినారు. 1997లో కమాను వంతెన వచ్చినాక పాతదానికి సెలవిచ్చినారు. కూలిపోయి కాదురా, పని ముగించుకోని దిగింది. ఇప్పటికీ నిలబడే ఉండాది.

తొంభైఏడేండ్లు బండ్లు మోసిందంటే అందరూ వాల్టన్ దొరనే పొగుడుతారు. పొగడాల్సిందే. ఐతే ఆయన కట్టింది మూడేండ్లు. మిగతా కాలమంతా దాన్ని నిలబెట్టింది సుత్తులు పట్టుకోని తిరిగిన గ్యాంగోళ్లు. నువ్వు ఇంజనీరు చదువుతా ఉండావు గదా, రేపు ఏ కల్వర్టు కట్టినా, దాన్ని తట్టి చూసేదానికి ఎవుడుంటాడో ఆ రోజే కాగితం మింద రాసిపెట్టు.