చేపల్లో కోడిపుంజు

మొన్న మా మేనకోడలు విశాఖపట్నం రేవులో, వలలో చిక్కిన ఒక చేపని ఫొటో తీసి పంపి, "అత్తా, దీని పేరేమిటో చెప్పుకో చూద్దాం" అంది. జానెడు కూడా లేదు. ఒళ్లంతా ఇటుకరంగు చారలు, రెండు పక్కలా విసనకర్రల్లా విచ్చుకున్న రెక్కలు, వీపు మీద నిక్కబొడుచుకున్న ముళ్లు. చేపల గురించి నాకున్న పాండిత్యం పులుసు వరకే. అయినా అత్త అన్నాక మేనకోడలి దగ్గర ఓడిపోవచ్చునా? పుస్తకాలు తిరగేశాను.

తిరగేసి తిరగేసి 1803లో లండనులో అచ్చయిన ఒక పుస్తకం దగ్గర తేలాను. రాసినవాడు పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు. విశాఖలో ఉద్యోగానికి వచ్చిన తమ్ముడి వెంట ఇక్కడికొచ్చి, 1785లో కుంపినీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. రక్తపింజరికి శాస్త్రంలో తగులుకున్న రస్సెల్ పేరు ఈయనదే. విశాఖలో దొరికిన 200 చేపల బొమ్మలు మనవాడైన చిత్రకారుడి చేత వేయించి, జాలరులు చెప్పిన తెలుగు పేర్లని విన్నవి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టాడు. అందులో ఉంది మా చేప! పేరు "కోడిపుంగి". పైకి రెండుసార్లు చదువుకుంటే నవ్వొచ్చింది. ఇంగ్లీషు "జి"ని "జ" అని పలికి చూడండి, కోడిపుంజు కాక మరేమిటి? ఆ రెక్కలు చూసి ఇంకే పేరు పెడతారండీ!

గుర్తుపట్టడం అంతటితో అయిపోలేదు. పగడపు దిబ్బల్లో తిరిగే దీని పెదతల్లి బిడ్డలు కొన్ని అచ్చం ఇలాగే ఉంటాయి. తేడా తోకలో ఉంది. వాటి తోకకు చుక్కలుంటాయి, దీనికి ఉండవు. పైగా ఇది పగడాలనే పట్టుకు వేళ్లాడదు. ఇసక నేల, బురద నేల అయినా సర్దుకుపోతుంది. వీపు మీది 13 ముళ్లలోనూ విషం. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి, డాక్టరు దగ్గరకి పరుగెత్తాలి. ఇది మాత్రం ఆ పిల్లకి వెంటనే ఫోను చేసి చెప్పాను.

ఇక పేరు సంగతి. 1831లో బెన్నెట్ అనే ఇంగ్లీషాయన ఈ చేపకి రస్సెల్ పేరు తగిలించి "టెరోయిస్ రస్సెలీ" అన్నాడు. 1852లో బ్లీకర్ అనే డచ్చి డాక్టరు "టెరోయిస్ కోడిపుంగి" అన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందని శాస్త్రంలో నియమం. అలాగైతే జాలరుల పేరే కదా అందరికన్నా ముందు అచ్చయింది! కాదట. లాటిన్ పద్ధతిలో పెట్టని పేరు లెక్కలోకి రాదట. పెళ్లిపీటల మీదే పేరు మార్పించుకున్న మా పెద్దమ్మ గుర్తొచ్చింది. పుట్టింటి పేరుతో ఆవిడని పిలవడానికి చివరికి మా అమ్మ ఒక్కతే మిగిలింది.

అన్ని చేపలకీ ఇలా జరగలేదు లెండి. మనం కానగంతలంటామే, వాటికి రస్సెల్ రాసుకున్న "కనగుర్త" అన్న మాటనే 1816లో ఫ్రాన్సు పండితుడు కువియే శాస్త్రనామంలో పెట్టాడు. అది నేటికీ చెల్లుతోంది.

మేనకోడలికి రెండు పేర్లూ చెప్పాను. సాయంత్రం అదే ఫొటో మళ్లీ పంపింది. కింద "కోడిపుంజు" అని తెలుగులో రాసింది.